ఉట్నూరులో కిరాయి ఇల్లు: ఈ చలిలో చూసి తీసుకోవచ్చా, ఎండాకాలం దాకా ఆగాలా?

వడ్డేపల్లి కట్ట
మాది హన్మకొండ. బ్యాంకులో పనిచేస్త. ఉట్నూరుకు బదిలీ అయింది, సంక్రాంతి దాటంగనే చేరాలె. అమ్మకు 68 ఏండ్లు, ఆయాసం ఉంది. పాప మూడో తరగతి. అది 1/70 చట్టం ఉన్న ఏరియా, గిరిజనేతరులం కొనలేం, నాకు ఆ ఆలోచన కూడా లేదు. కిరాయికే చూస్తున్న. మొన్న ఆదివారం మూడు ఇండ్లు చూసిన. పొద్దున పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే జిల్లుమన్నది. ఒకటి సిమెంటు రేకులది. ఒకటి కొత్త స్లాబు, వాగు పక్కన, తూర్పు ముఖం. ఇంకోటి పాత గూనపెంకల ఇల్లు, గుట్ట వాలు మీద, దక్షిణం ముఖం. ఇప్పుడే తీసుకోవాల్నా, ఉగాది దాకా ఆదిలాబాద్‌ల ఉండి రోజూ వచ్చిపోవాల్నా?

కాజీపేట జంక్షన్
ఆగండమ్మా. పుష్యమాసంలో ఇల్లు మారొద్దు. దక్షిణం ముఖం అసలే వద్దు.

రేకుల కింద ఆరేండ్లు
చలికాలం చూసిన ఇల్లు సగమే చూసినట్టు. నేను ఏజెన్సీల ఆరేండ్లు ఉద్యోగం చేసిన. డిసెంబర్‌ల ఇల్లు చూసినప్పుడు బోరు ధారగా పోసింది, రెండు నెలల అడ్వాన్సు కట్టిన. హోలీ వచ్చేసరికి బోరు గాలి కొట్టుడు మొదలు. మే నెలంతా డ్రమ్ముకింత అని కొనుక్కున్నం. ఖాళీ చేస్తనంటే ఓనరు అడ్వాన్సు తిరిగియ్యలే. రేకుల సంగతి ఇంకోటి. తెల్లారుజామున రేకు లోపలి దిక్కు చెమ్మ చుక్కలు కట్టి పక్క మీద పడ్తది. మా బాబు దుప్పటి రోజూ ఆరేసేదాన్ని. ఆయాసమున్న మనిషిని అటువంటి దాంట్ల ఉంచకు చెల్లె. ఎండలు ముదిరినంక పో, నీళ్ళున్న ఇల్లేదో అప్పుడే తెలుస్తది.

ఉట్నూరు పాతకాపు
నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి మే దాకా ఆగక్కర్లే. చేదబావి ఉన్న ఇంటికి పోయి తాడు చూడున్రి. ఇప్పుడు బొక్కెన మునగడానికి ఎన్ని బారలు పట్టింది, గిలక పక్కన ఇంకెన్ని బారలు చుట్టి పెట్టిండ్రు, అదే ఎండాకాలం లెక్క. ఎవ్వరూ ఊరికే పొడుగు తాడు కొనరు.

చలి గురించి మాత్రం చలిలనే తెలుస్తది. రాత్రి చల్లగాలి బరువై వాలు మీదికెళ్ళి దిగి వాగు పక్క పల్లంల నిలుస్తది. పొద్దున ఆరింటికి వచ్చి నిలబడున్రి, వాగు దగ్గర పళ్ళు కొట్టుకుంటయి, వాలు మీదికి ఎక్కంగనే తేడా తెలుస్తది. ఇక దక్షిణం ముఖం అంటరా, పుష్యంల సూర్యుడు దక్షిణానికి వంగి నడుస్తడు. ఆ అరుగు మీద పొద్దంతా ఎండ ఉంటది. వైశాఖానికి నడినెత్తికి వస్తడు కాబట్టి చూరు కిందికి ఎండ రాదు. అమ్మకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

కాజీపేట జంక్షన్
సూర్యుడు ఎటు నడిచినా దక్షిణం దక్షిణమే. మా బావమరిది దక్షిణం ఇంట్లో దిగిన ఏడాదే కాలు విరిగింది.

గోదారి అవతల
ఒక్క మాట. నేను నర్సును. ఏ ఇల్లు తీసుకున్నా తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆయాసమున్న వాళ్ళకు కట్టెల పొగ కూడా మంచిది కాదు, నీళ్ళు బయట కాగబెట్టండి.

కాజీపేట జంక్షన్
వాగు పక్కదైనా తూర్పు ముఖం ఉంది కదా, దాన్నే మాఘంలో తీసుకోమనండి. అందాక ఆదిలాబాద్‌లో ఉంటే ఏం నష్టం? 50 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులున్నాయి.

ఉట్నూరు పాతకాపు
ఏం నష్టమో నేను చెప్త. ముందుగాల పుష్యం అంటరు. తర్వాత ఎండలంటరు, జూన్‌ల వానలంటరు, ఆగస్టుల జ్వరాలంటరు. ఏడాది దాటుతది, సామాను మాత్రం ఆదిలాబాద్‌లనే ఉంటది. నాకు తెలిసి ఇట్లనే పోయినోళ్ళు శానామంది. గూడెం నుంచి పొద్దుగాల నడిచొచ్చిన ముసలమ్మ పింఛను కోసం మెట్ల మీద కూసుంటది. సారు బస్సు దిగేసరికి పదకొండు. నాలుగున్నరకు సారు సంచి సర్దుకుంటడు. మా అవ్వ మూడుసార్లు వట్టి చేతుల్తో తిరిగొచ్చింది.

పుష్యం మంచిది కాదంటున్నరు. మా గోండులల్ల మెస్రం ఇంటిపేరోళ్ళకు పుష్యమే పెద్ద నెల. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌ల మా నాగదేవుడు నాగోబా పూజ. ఇంటికొచ్చిన కొత్త కోడళ్ళను తెల్లచీరలు కట్టించి దేవుని ముందట పరిచయం చేసేది అప్పుడే. కొత్త మనిషిని మేం చేర్చుకునే నెలను మీరు అడుగు పెట్టొద్దనే నెల అంటున్నరు.

కాజీపేట జంక్షన్
నేను మీ దేవుణ్ణి ఏమన్నాను? మా పెద్దలు చెప్పింది చెప్పాను.

రేకుల కింద ఆరేండ్లు
పాతకాపు తమ్మీ, అందరినీ ఒక్కతాడుకు కట్టకు. నేను అప్ అండ్ డౌన్ చేయలే, ఆరేండ్లు అక్కడనే ఉన్న. మా బాబుకు మూడేండ్లప్పుడు నిమోనియా వచ్చింది. రాత్రి రెండింటికి జీపు మాట్లాడుకొని బయల్దేరినం. మంచుల రోడ్డు కనపడక నా భర్త కిందికి దిగి ముందట నడుస్తుంటే బండి వెనక వచ్చింది. ఒళ్ళో వాని డొక్కలు ఎగిరెగిరి పడ్తున్నయి. వాడు బతికిండు. కానీ ఆ రాత్రి నేనిప్పటికీ మర్చిపోలే. ఆయాసమున్న తల్లిని తీసుకొని రమ్మనేటోళ్ళు ఆ రోడ్డు సంగతి కూడా చెప్పాలె.

ఉట్నూరు పాతకాపు
అక్కా, ఆ రోడ్డు మీదనే మా పిల్లలూ పోతరు. మాకు పోనీకి ఆదిలాబాద్‌ల ఇంకో ఇల్లు లేదు. డాక్టరు లేడని మేం దరఖాస్తు పెడితే ఒక తీరు, బ్యాంకు మేడమో తహసీల్ సారో ఇక్కడ కాపురం ఉండి అడిగితే ఒక తీరు. సాయంత్రం బస్సుకు పోయేటోళ్ళకు మా రాత్రి ఎట్లుంటదో తెల్వది. 1940లలో ఆదివాసుల బతుకు మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర గోండుల భూముల కష్టం రాసిండంటే, మార్లవాయిల గుడిసె వేసుకొని మా నడుమ బతికినందుకే. 1987ల ఆయన భార్య చనిపోతే ఆ ఊర్లనే సమాధి చేసిండ్రు. నేను మీ మీద కోపంతోటి అనలే. ఉన్నోళ్ళు మీరే కాబట్టి మీకు చెప్తున్న.

రేకుల కింద ఆరేండ్లు
మీ అవ్వ సంగతి నాకు తెల్వకపాయె. ఇంత మాట అనకపోదును.

వడ్డేపల్లి కట్ట
నాలుగు రోజులు ఇవన్నీ చదివి ఊకున్న. నిజం చెప్త. అమ్మ ఆయాసం ఉన్నమాటే, కానీ ఆగుదామనుకున్నది అందుకు కాదు. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌ల. ఇల్లు తీసుకొని సామాను దించితే ఇక నా బదిలీ సంగతి ఎవ్వరూ పట్టించుకోరు, ఇక్కడనే ఉండిపోతనని భయమైంది. పుష్యం, ఎండ, నీళ్ళు అన్నీ దానికి తోడు తెచ్చుకున్న.

నిన్న అమ్మను తీసుకొని మళ్ళ పోయిన. మసకలనే దిగినం. వాగు పక్క స్లాబు గోడకు కింద మూరెడు ఎత్తు పచ్చగ నాచు పట్టి ఉంది, మొన్న నేను చూడనే లేదు. గూనపెంకల ఇంటికి ఎక్కినం. ఎండ పొడ రాంగనే అమ్మ పోయి అరుగు మీద కూసుంది. తొమ్మిదింటికి శాలువ తీసి పక్కన పెట్టింది. ఓనరు ముసలాయన, రెండు నెలల అడ్వాన్సంటే ఒక్క నెల చాలన్నడు. రాసియ్యమంటే పాప నోటుబుక్కుల కాయితం చింపి రాసిచ్చిండు.

ఆసుపత్రి ఇంటికెళ్ళి ఎంత దూరమో కూడా నడిచి చూసిన, 12 నిమిషాలు.

కాజీపేట జంక్షన్
సరే తల్లీ. పాలు మాత్రం అమావాస్య దాటాక పొంగించు.

వడ్డేపల్లి కట్ట
అమ్మ కూడా అదే అన్నది బాబాయ్. నాగోబా పూజ అయిన తెల్లారి నుంచే మాఘం, అప్పుడు పొంగిస్తం. అప్పటి దాకా ఆదిలాబాద్‌ల లాడ్జి.

రేకుల కింద ఆరేండ్లు
నీళ్ళు?

వడ్డేపల్లి కట్ట
తాడు కొలిచిన అక్కా. మొత్తం 12 బారలు. అయిదు బారలకే బొక్కెన మునిగింది. మిగిలిన చుట్ట పైపొర దుమ్ము పట్టి ఉంది, లోపలి పొరల తాడు నీళ్ళకు నల్లబడి కొసదాకా అరిగి ఉంది.

ఉట్నూరు పాతకాపు
కొసదాకా అరిగిందంటే మే నెలల అడుగు దాకా పోతది, కానీ అందుతది. బొక్కెనకు ఇంకో తాడు తెచ్చుకోండి మేడం, అది పాతదైంది.