అప్‌డేట్: పీహెచ్‌డీ టాపిక్ ఫిక్స్ అయింది

ఎముకలూ కండరాల మీద ఏఐ పీహెచ్‌డీకి మోకాలి ఎక్స్‌రేలు మంచివా, పొట్ట సీటీలు మంచివా అని అడిగా కదండీ, సీటీయే ఖాయం చేశాం. కిడ్నీలో రాళ్ల కోసమో ఇంకోదాని కోసమో ఎలాగూ తీసిన సీటీలోనే ఎల్1 (నడుములో మొదటి) వెన్నుపూస సాంద్రత, ఎల్3 (నడుములో మూడో వెన్నుపూస) దగ్గర కండరం ఎంతుందో రెండూ కొలవొచ్చు, పేషెంట్‌కి కొత్తగా రేడియేషన్ ఉండదు, ఎముక సాంద్రత కొలిచే డెక్సా మెషీన్ లేని ఊళ్లకి ఇది చాలా పెద్ద విషయం. వెన్నుపూసలు గుర్తుపట్టడానికి 2023లో పేపర్ వచ్చిన టోటల్‌సెగ్మెంటేటర్ అనే రెడీమేడ్ ఏఐ టూల్ వాడుతున్నా, మొదట్నుంచీ ట్రెయిన్ చెయ్యక్కర్లేదు. అసలు తంటా కాంట్రాస్ట్‌తోనే, స్కాన్ స్పష్టంగా రావడానికి ఆ మందు ఎక్కిస్తే హౌన్స్‌ఫీల్డ్ విలువలు (సీటీలో సాంద్రతని చూపే నంబర్లు) పెరిగి గుల్లబారిన ఎముక కూడా గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, పైగా స్కానర్ మారితే నంబర్లూ మారతాయి, థీసిస్‌లో ఎక్కువ భాగం దీన్ని సరిచెయ్యడం మీదే. ఒకే పేషెంట్ స్కాన్లు మోడల్‌కి నేర్పే డేటా (ట్రెయిన్)లోనూ, దాన్ని పరీక్షించే డేటా (టెస్ట్)లోనూ పడకుండా చూసుకోమన్నవాళ్లకి చాలా థాంక్సండీ, డేటా అలాగే విడగొడుతున్నా.