గోలీ లూప్ దాటడం లేదు: రోలర్ కోస్టర్ నమూనాపై సలహాలు కావాలి

తొమ్మిదో_తరగతి_అమ్మ:
మా అమ్మాయి వైజ్ఞానిక ప్రదర్శన కోసం ఏసీ పైపులకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి, గాజు గోలీతో రోలర్ కోస్టర్ నమూనా చేస్తోంది. లూప్ వ్యాసార్ధం 12 సెం.మీ. సూత్రం ప్రకారం దానికి రెండున్నర రెట్లు, అంటే 30 సెం.మీ. ఎత్తు నుంచి వదిలినా గోలీ పైభాగం చేరకముందే ఊడి పడుతోంది. లోపం ఎక్కడుంది? అసలు కోస్టర్లలో లూప్ గుండ్రంగా ఎందుకు ఉండదు? గోలీ వేగాన్ని ఇంట్లోనే కొలవవచ్చా?

ఫిజిక్స్_మాస్టారు:
రెండున్నర రెట్ల లెక్క ఘర్షణ లేకుండా జారే వస్తువుకు వర్తిస్తుంది. గోలీ దొర్లుతుంది, శక్తిలో కొంత భ్రమణానికి పోతుంది కనుక ఏ నష్టమూ లేకపోయినా 2.7 రెట్లు, అంటే 32.4 సెం.మీ. కావాలి. ఫోమ్ మెత్తన కాబట్టి 45 నుంచి మొదలుపెట్టండి. ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా వెళ్లినప్పుడల్లా నన్ను బాధపెట్టేది ఒకటుంది: బరువైన బండి వేగంగా దిగుతుందని పిల్లలు చార్టుల మీద రాస్తారు. శక్తి సమీకరణానికి (mgh = ½mv²) రెండు వైపులా ఉన్న ద్రవ్యరాశి రద్దవుతుందని దయచేసి మీ అమ్మాయికి చెప్పండి.

ఉక్కు_పట్టాలు:
మాస్టారూ, ఆ చివరి మాటను అంగీకరించలేను. నేను ఇటువంటి సవారీల నిర్వహణలో పనిచేసిన మెకానికల్ ఇంజనీరును. జనంతో నిండిన రైలు ఖాళీ రైలు కన్నా వేగంగా బ్రేకుల దగ్గరికి వస్తుంది. గాలి నిరోధం రైలు ఆకారాన్నీ వేగాన్నీ బట్టి ఉంటుంది తప్ప బరువుతో పాటు పెరగదు; అందువల్ల బరువైన రైలు కోల్పోయే వేగం తక్కువ. చలి ఉదయాల్లో బేరింగుల గ్రీజు చిక్కబడి అదే రైలు మందగిస్తుంది.

ఫిజిక్స్_మాస్టారు:
తొమ్మిదో తరగతి పిల్లకు గ్రీజు పాఠం ఎందుకండీ? ఆదర్శ స్థితి అర్థం కాకుండా నష్టాల గురించి మాట్లాడితే రెండూ రావు. మీ అనుభవం చూపించి పాఠాన్ని తప్పుపట్టడం పద్ధతి కాదు.

ఉక్కు_పట్టాలు:
నేను తప్పుపట్టేది పాఠాన్ని కాదు, పాఠం అక్కడితో ఆగిపోవడాన్ని. న్యూజెర్సీలో 2005 నుంచి 2024 వరకు నడిచిన కింగ్డా కా అనే కోస్టర్ రైలును గంటకు 206 కి.మీ. వేగంతో వదిలేవారు. మీ సమీకరణం ప్రకారం ఆ వేగం దాదాపు 167 మీటర్ల ఎత్తుకు సరిపోతుంది. కట్టిన శిఖరం 139 మీటర్లే. అయినా ఒక్కోసారి రైలు శిఖరం దాటలేక వెనక్కి జారేది. అలా జారిన రైలును ఆపడానికే కింది పట్టాల మధ్య అయస్కాంత బ్రేకులు పెట్టారు. ఆదర్శ స్థితినే నమ్ముకుంటే ఆ బ్రేకులు ఎవరికీ తట్టవు.

మెడనొప్పి_బాధితురాలు:
పెద్దలిద్దరూ రెండో ప్రశ్నను వదిలేశారు. పూర్తి గుండ్రటి లూప్‌లో పైభాగం దాటడానికి సరిపడే కనీస వేగంతో వెళ్లినా అడుగున సీటు మనల్ని మన బరువుకు 6 రెట్ల బలంతో నొక్కుతుంది. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో నడిచిన ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్ లూప్ అలాంటిదే. ఎక్కినవారి మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రివల్యూషన్ అనే కోస్టర్‌కు జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ వంపును అడుగున విశాలంగా, పైకి వెళ్లేకొద్దీ బిగువుగా గీశారు. వేగం ఎక్కువున్న చోట వ్యాసార్ధం ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ కావడంతో బలం అదుపులో ఉంటుంది. పాత సవారీ ఒకటి ఎక్కి వారం పాటు మెడ తిప్పలేకపోయిన నాకు ఈ ఆకారం విలువ బాగా తెలుసు.

ఫిజిక్స్_మాస్టారు:
లూప్ ఆకారం గురించి చెప్పింది సరైనదే. బరువు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను; ప్రశ్న గోలీ గురించి, రైలు గురించి కాదు.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
45 సెం.మీ. నుంచి వదిలితే గోలీ పైదాకా వెళ్తోంది, కానీ ఒక్కోసారి పడిపోతోంది. గోలీ వెళ్తున్నప్పుడు లూప్ అటూ ఇటూ ఊగుతోంది.

ఉక్కు_పట్టాలు:
ఆ ఊగడానికి కావలసిన శక్తి గోలీ నుంచే పోతోంది. లూప్‌ను రెండు వైపులా కుర్చీ కాళ్లకు టేపుతో బిగించండి. ఇక వేగం కొలవడానికి వాలు ముగిసే చోట పట్టా పక్కన స్కేలు పెట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీయండి. గోలీ 20 సెం.మీ. దాటడానికి 20 ఫ్రేములు పడితే వేగం సెకనుకు 2.4 మీటర్లు. 45 సెం.మీ. నుంచి ఏ నష్టమూ లేకుండా దొర్లితే 2.5 రావాలి. మీ అమ్మాయిని ఆ రెండు అంకెలనూ చార్టు మీద పక్కపక్కనే రాయమనండి.