బ్రేవ్ న్యూ వరల్డ్ సమాజం స్వర్గమా, పంజరమా?

సందేహి:
ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' నవలలోని ప్రపంచ రాజ్యంలో యుద్ధం లేదు, ఆకలి లేదు, అరవై ఏళ్ల దాకా యవ్వనం తరగదు, దిగులేస్తే మింగడానికి సోమా మాత్ర ఉంది. దీన్ని అందరూ కళ్లు మూసుకుని డిస్టోపియా, అంటే పీడకలలాంటి సమాజం, అనేస్తున్నారు. ఎదురు తిరిగినవారిని సైతం అక్కడ చంపరు. తమలాంటివారే ఉండే దీవులకు పంపుతారు. అక్కడ ఇమడలేకపోయిన బెర్నార్డ్ మార్క్స్‌కు పడిన దీవివాసం కంటే మెత్తటి శిక్ష ఏ రాజ్యం వేసింది?

కలంపోటు:
పుట్టుకకు ముందే కింది వర్గంగా నిర్ణయించిన డెల్టాల్లో ఎనిమిది నెలల పసివాళ్లు గులాబీల వైపు, బొమ్మల పుస్తకాల వైపు కేరింతలు కొడుతూ పాకి, వాటిని పట్టుకోగానే సైరన్లు మోగించి నేలలోంచి కరెంటు షాకిచ్చే ఘట్టాన్ని మీరు దాటేసినట్టున్నారు. అట్టడుగు వర్గమైన ఎప్సిలాన్లకైతే, అక్కడ మనుషులు పుట్టే సీసాలో పిండంగా ఉన్నప్పుడే ఆక్సిజన్ తగ్గించి బుద్ధిని కుదిస్తారు. ఆ తర్వాత వారి సంతోషాన్ని సాక్ష్యంగా చూపడం, కాళ్లు విరిచి 'వీడికి పరుగెత్తాలని లేదుగా' అనడమే.

సందేహి:
మరి సైప్రస్ ప్రయోగానికి మీ జవాబేమిటి? అన్నిటికన్నా పై వర్గమైన ఆల్ఫాలు 22,000 మందికి ఆ దీవిని వదిలేస్తే, కిందిస్థాయి పనులు చేయడానికి ఎవరూ ఒప్పుకోక, ఆరేళ్లు తిరగకుండానే అంతర్యుద్ధం వచ్చి 19,000 మంది చచ్చారు. మిగిలినవారు మళ్లీ మీరే పాలించండని అర్జీ పెట్టుకున్నారు.

పక్కబెంచి:
ఆ కథ చెప్పేది ప్రపంచ రాజ్యాన్ని నడిపే కంట్రోలర్లలో ఒకడైన ముస్తఫా మోండ్ అని గుర్తుంచుకోండి.

సందేహి:
అది అబద్ధమని నవలలో ఎక్కడుందో చూపించండి.

కలంపోటు:
మీరు సైప్రస్ దాటి రారు. నిషిద్ధ గ్రంథాలను ఇనప్పెట్టెలో దాచుకుని తాను మాత్రం చదువుకునే మోండ్‌ను ఎందుకు వదిలేశారు? ఆ సుఖం అంత గొప్పదైతే ఆయనకు ఆ పుస్తకాలెందుకు? ఒకరి జుట్టు ఇంకొకరి చేతిలో ఉండటం మీకు హాయిగా కనిపించవచ్చు. నేనేం చదవాలో, ఎవరితో మాట్లాడాలో 'నీ మంచికే' అంటూ ఇంట్లోవాళ్లే తేల్చిన బతుకు నాది. అందులో దెబ్బలు లేవు, ఆకలి లేదు, ఊపిరాడలేదంతే.

సందేహి:
నన్ను బానిసత్వానికి వకీలును చేశారు కాబట్టి చెబుతున్నాను. అలవాటు పడిపోతుందన్న భయంతో వైద్యుడు మార్ఫిన్ మోతాదు పెంచకపోతే, మా అమ్మ చివరి రాత్రులు పళ్లు బిగబట్టుకుని గడిపింది. ఆ నవలలో లిండా సువాసనల మధ్య, టీవీ ముందు, సోమా మత్తులో చివరి రోజులు నొప్పి తెలియకుండా గడిపింది. దుఃఖపడే హక్కు కావాలని, ఆ రాజ్యం బయట పెరిగిన ఆమె కొడుకు జాన్ వాదించే పేజీ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నా ప్రశ్న రాజ్యం గురించి కాదు, బాధను గొప్పదని పొగడే అధికారం ఎవరిచ్చారన్నది.

పక్కబెంచి:
ఇది మొదటే చెప్పి ఉంటే సైప్రస్ చుట్టూ ఇన్ని ప్రదక్షిణలు తప్పేవి.

కలంపోటు:
మీ అమ్మగారికి మందు ఇవ్వకపోవడం అన్యాయమే. దానికి ప్రపంచ రాజ్యం అక్కర్లేదు, మంచి వైద్యుడు చాలు. లిండా మంచం పక్కన జాన్ గొంతెత్తి ఏడ్చినప్పుడు నర్సు కంగారు ఏమిటో గుర్తుందా? చావు మామూలేనని అలవాటు చేయడానికి తెచ్చిన పిల్లల శిక్షణ ఎక్కడ చెడిపోతుందోనని! వెంటనే వాళ్ల చేతుల్లో మిఠాయిలు పెట్టింది. మీరు మీ అమ్మ కోసం ఏడిస్తే అక్కడ మీరూ ఒక అంతరాయమే.

సందేహి:
ఏడవనివ్వండి, ఏడవనివ్వకపోండి, ఆమెకు నొప్పి లేదు. పైగా సోమా అడిగింది లిండాయే. రోజుకు ఇరవై గ్రాముల దాకా ఎవరూ బలవంతంగా మింగించలేదు.

కలంపోటు:
ఆమె ఆ సమాజంలోనే పుట్టి పెరిగిన బీటా, అంటే ఆల్ఫాల తర్వాతి వర్గం మనిషి. అక్కడ పసివాళ్లకు నిద్రలో పాఠాలు నూరిపోస్తారు. అడిగింది లిండాయా, ఆ పాఠమా అన్నది ముందు తేల్చండి. సైప్రస్ సంగతి తర్వాత చూద్దాం.