ఆటల పాఠంలో మట్టి కప్పు సంగతి చెప్పాలా, వద్దా?

సోషల్ టీచరు:
ఏడో తరగతికి ‘ఆటలు, మన సంస్కృతి’ అని నాలుగు పీరియడ్ల ప్రాజెక్టు పెట్టుకున్నాను. మొదటి రెండూ హాయిగా గడిచాయి. 1948 లండన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో, ఏడాది కిందటి దాకా మనల్ని ఏలిన బ్రిటన్‌ను వాళ్ళ గడ్డ మీదే 4-0తో ఓడించామంటే చప్పట్లే చప్పట్లు.

మూడో పీరియడ్‌లో పల్వంకర్ బాలూ దగ్గరికి వచ్చాను. చర్మకార కుటుంబంలో పుట్టిన ఎడమచేతి క్రికెట్ స్పిన్నర్. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదునుచేస్తూ, నెట్లు కడుతూ, దొరల ప్రాక్టీసుకు బంతులు వేస్తూ ఎదిగాడు. హిందువుల జట్టులోకి తీసుకున్నాక కూడా టీ వేళకు తోటి ఆటగాళ్ళు లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, ఆయనకు బయట మట్టి కప్పులో పోసేవారు.

వెనక బెంచీ పిల్లవాడు లేచి, “మరి ఆయన వేసిన బంతిని వాళ్ళు ముట్టుకునేవాళ్ళా మేడమ్?” అన్నాడు. ముట్టుకునేవాళ్ళన్నాను. “అయితే కప్పు దగ్గరే ఎందుకు?” అని ముందు బెంచీలోంచి ఇంకొకరు. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

మర్నాడు ఒక తండ్రి వచ్చి, ఆటల పాఠంలో కులం ఎందుకని అడిగారు. హెడ్మాస్టరు గారు 1948తో ఆపేయమంటున్నారు. సోమవారం నాలుగో పీరియడ్. ఏం చేయమంటారు?

పీఈటీ మాస్టారు (వేరే స్కూలు):
ఆపేయండి మేడమ్. ఇరవై ఏళ్ళుగా కబడ్డీ ఆడిస్తున్నాను. కూతకు వచ్చినవాడి కాలు పట్టుకునేటప్పుడు అది ఎవరి కాలో ఏ పిల్లవాడూ చూడడు. మీరు గుర్తుచేస్తేనే గుర్తొస్తుంది. పన్నెండేళ్ళ వాళ్ళకు మన రహీం సాబ్ గురించి చెప్పండి. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన కోచింగ్‌లో మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. కెప్టెన్ చునీ గోస్వామి బెంగాల్ వాడు. తలకు కుట్లతోనే ఆడి తలతోనే గోల్ కొట్టిన జర్నైల్ సింగ్ పంజాబీ. దేశమంటే ఏమిటో ఇంతకన్నా బాగా ఏ పాఠం చెబుతుంది?

ఏడో తరగతి అమ్మాయి తల్లి:
కూతలో కులం గుర్తురాదన్నారు, సంతోషం. ఆడపిల్లలున్నారన్న సంగతే గ్రౌండుకు గుర్తురాదు మాస్టారూ. మా అమ్మాయి బడిలో గేమ్స్ పీరియడ్ అంటే అబ్బాయిలకు మైదానం, అమ్మాయిలకు వరండా పక్కన ఒక టెన్నికాయిట్ రింగు. ఇరవై మందికి ఒకే రింగు!

మా పిల్ల కూడా ఇలాంటి ప్రాజెక్టే చేసింది. తాతయ్య చెప్పినవి: చెడుగుడు, బిళ్ళంగోడు, ఈత. అమ్మమ్మ చెప్పినవి: వామనగుంటలు, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ. రెండు వరసలూ రాసుకుని కాసేపు చూసి, “అమ్మమ్మవన్నీ అరుగు దిగకుండానో, వాకిలి దాటకుండానో ఆడేవే” అంది. నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది. 2000లో సిడ్నీలో బరువులెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అని అప్పుడు చెబితే, ఆ మాట ఎంత బరువైనదో దానికి తెలిసింది. పిల్లలకు కులం కనబడదనుకోవడం మన సౌకర్యమండీ.

న్యూజెర్సీ నాన్న:
ఇక్కడ మా అబ్బాయికి ఆరో తరగతిలోనే జాకీ రాబిన్సన్ పాఠం చెప్పారు. దశాబ్దాలుగా తెల్లవాళ్ళే ఆడుతున్న మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 1947 ఏప్రిల్ 15న అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడు. ఇప్పుడు ఏటా ఆ రోజున ఆటగాళ్ళందరూ ఆయన 42 నంబరు చొక్కాయే వేసుకుంటారు. ఇంటికొచ్చి, “మనకు ఇలాంటివాళ్ళు లేరా నాన్నా?” అన్నాడు. బాలూ గురించి నాకు తెలిసింది అప్పుడే. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో!

ఒక్కటి మాత్రం చూసుకోండి టీచరు గారూ. ఇక్కడి పాఠం ‘ఆ రోజుతో అంతా మారిపోయింది’ అన్నట్టు ముగుస్తుంది. బాలూ కథను అలా ముగించకండి. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా ఆయన్ను హిందువుల జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఇంకో మాట, ఆ హిందువుల జట్టు ఆడిన బొంబాయి క్రికెట్ టోర్నీలో జట్లు మతాల వారీగా ఉండేవి: హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. వీటిలో ‘దేశం’ జట్టు ఏదని పిల్లల్నే అడగండి.

జనరల్ నాలెడ్జ్ అభిమాని:
చిన్న సవరణ, ఎవరూ అడగకపోయినా. హాకీ మన జాతీయ క్రీడ అని ప్రాజెక్టుల్లో రాయిస్తుంటారు. ఏ ఆటనూ అలా ప్రకటించలేదని 2012లో కేంద్ర క్రీడల శాఖే సమాచార హక్కు కింద జవాబిచ్చింది. అడిగింది పదేళ్ళ లక్నో అమ్మాయి.

పీఈటీ మాస్టారు:
అమ్మా, రింగు మాటకు నా దగ్గర జవాబు లేదు. మా బడిలోనూ అంతే. సోమవారం నుంచి వారానికి రెండు రోజులు కబడ్డీ కోర్టు అమ్మాయిలదే. కప్పు విషయంలో మాత్రం నా మాట నాదే. పిల్లలు ఇంటికెళ్ళి, మన ఇంట్లో పనిమనిషి గ్లాసు వేరే ఎందుకని అడిగితే ఆ తల్లిదండ్రులకు మీరు జవాబు చెబుతారా?

సోషల్ టీచరు:
మాస్టారూ, ఆ ప్రశ్న ఇప్పటికే ఒక ఇంట్లో పడినట్టుంది, ఆ తండ్రి వచ్చింది అందుకేనేమో. ఈ చర్చంతా హెడ్మాస్టరు గారికి చూపించాను. మొత్తం చదివి, “ఇది పరీక్షలో రాదు కదా?” అన్నారు. రాదన్నాను. “అయితే కానివ్వండి” అన్నారు.