సారాంశాలు రాస్తున్నా ఎస్సేలో విశ్లేషణ రావట్లేదు

అశోక్‌నగర్_రూమ్
అన్నలూ, గ్రూప్-1 మెయిన్స్ ఎస్సే పేపర్‌కు తయారవుతున్న. రోజూ ఒక సంపాదకీయానికి సారాంశం రాస్తున్న. అయినా ఎస్సే దిద్దినోళ్లు "సమాచారం ఉంది, విశ్లేషణ లేదు" అంటున్నరు. ఏం మార్చాలె?

చిక్కడపల్లి_లైబ్రరీ
పేపర్ ముందు పెట్టుకునే సారాంశం రాస్తున్నారా? అయితే వాక్యాలు ఏరి అతికిస్తున్నట్టే. 600 పదాల సంపాదకీయం రెండుసార్లు చదవండి. ప్రతి పేరా పక్కన అది చేస్తున్న పనిని ఒక్క మాటలో రాసుకోండి: వాదన, కారణం, ఆధారం, ఎదురువాదన. ఇక పేపర్ మూసేసి 200 పదాల్లో రాయండి. యూపీఎస్సీ ఇంగ్లిష్ పేపర్ ప్రెసీలో (ఇచ్చిన భాగాన్ని కుదించి రాసే ప్రశ్న) అడిగేదీ మూడో వంతే, అదీ సొంత మాటల్లో. ఉదాహరణలు, లెక్కలు ముందు కొట్టేయండి గానీ "అయినా", "అందువల్ల", "ఒకవేళ" జోలికి పోకండి. అవి ఎగిరిపోతే రచయిత షరతు పెట్టి చెప్పిన మాట తీర్పులా మారిపోతుంది. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపొద్దు.

మూసీ_ఒడ్డు
అది సగమే అన్నా. సారాంశం కింద ఇంకో రెండు వాక్యాలు రాయాలి: ఈ వాదన దేన్ని నిజమని ముందే అనుకుంది, ఎక్కడ నిలవదు. విశ్లేషణ పుట్టేది అక్కడే.

"1908లో మూసీకి వరదొచ్చింది, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి" అని రాస్తే సమాచారం. "ఆ జలాశయాలు ఎగువ నుంచి వచ్చే వరదను పట్టుకోవడానికి కట్టినవి, ఊళ్లోనే కురిసిన వానకు దారి నాలాలు, చెరువులే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు ఎందుకు మునిగాయో అక్కడ వెతకాలి" అంటే విశ్లేషణ. చాలామంది సంవత్సరాలు బట్టీ పట్టి, ఈ రెండో ముక్క వదిలేస్తారు.

అశోక్‌నగర్_రూమ్
మూడు గంటల్లో మూడు ఎస్సేలు, ఒక్కోటి 1000 పదాల దాకా. ప్లాన్‌కు టైం ఎక్కడిది?

చిక్కడపల్లి_లైబ్రరీ
ఎస్సేకు 10 నిమిషాలు ప్లాన్, 45 రాత, 5 చదువుకోవడం. ప్లాన్ అంటే పాయింట్ల జాబితా కాదండీ. ముందు ప్రశ్నకు మీ జవాబు ఒక్క వాక్యంలో, తర్వాత ప్రతి పేరాకు మొదటి వాక్యం. ఆ మొదటి వాక్యాలు వరసగా చదివితే మీ ఎస్సేకు ప్రెసీలా ఉండాలి. ఏదైనా ఒకటి తీసేసినా వాదన తెగకపోతే ఆ పేరా రాయకండి.