వ్యక్తిత్వం అంటే మంచితనమేనా?

తిరుపతి నుంచి, ఎమ్మే విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను సైకాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక పర్సనాలిటీ ప్రశ్నల పట్టికను తెలుగులో రాస్తూ పేరు దగ్గరే ఆగిపోయాను. పైన 'వ్యక్తిత్వ పరీక్ష' అని రాసి మా పెద్దమ్మ చేతికిస్తే, "నా వ్యక్తిత్వానికి పరీక్ష పెట్టేదేంది పాపా, నేనేం తప్పు చేసినా?" అనింది. ఆమెకు నిజంగానే బాధేసింది. పర్సనాలిటీకి ఈ మాట సరిపోతుందా? ఇంకేదైనా ఉందా?

చిత్తూరు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

మీ పెద్దమ్మ బాధలో న్యాయముందమ్మా. మన వాడుకలో 'వ్యక్తిత్వం ఉన్న మనిషి' అంటే మాట మీద నిలబడేవాడు, ఒకరి ముందు చేయి చాచనివాడు. 'వ్యక్తిత్వం లేనోడు' అంటే తిట్టే. మీ శాస్త్రంలో పర్సనాలిటీ లేని మనిషే ఉండడు కదా. అందుకే 'స్వభావం' అని పెట్టుకోండి. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అంటాం. అందులో బుద్ధి అన్నా, నైజం అన్నా ఇదే.

తిరుపతి నుంచి, ఇంకొక సభ్యుడు:

మాస్టారూ, మీరు చెప్పిన చిక్కు నిజం. స్వభావం అనే మందు మాత్రం నాకు నచ్చలేదు, పెద్దవారు మన్నించాలి. స్వభావం అనగానే అది పుట్టుకతోనే వచ్చిందని ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. సైకాలజీలో నూరేళ్లుగా నడుస్తున్న తగువే అది. మనిషి పుట్టుకతో ఇంతేనని కొందరు, అలవాటు చేస్తే అయ్యేదేనని వాట్సన్, స్కిన్నర్ అనే సైకాలజిస్టుల దారిలో వాళ్లు. శాస్త్రం పేరే ఒక పక్షం చేరిపోతే ఎట్లా?

ఇంగ్లీషువాళ్లకూ ఈ చిక్కు వచ్చింది. 1937లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా సైకాలజిస్టు పర్సనాలిటీకి అప్పటిదాకా ఉన్న అర్థాలు యాభై దాకా పోగుచేశాడు. క్యారెక్టర్ అనే మాటను వేరుగా తీసి పక్కన పెట్టాడు. మంచీ చెడూ విలువ కడితే క్యారెక్టర్, విలువ కట్టకుండా చూస్తే పర్సనాలిటీ అని ఆయన లెక్క. మనకు క్యారెక్టర్‌కు శీలం అనే చక్కటి మాట ఉండేది. దాన్ని మనం ఆడవాళ్ల మీదికి నెట్టేసి, వాళ్లను అనుమానించే మాటగా కుదించేశాం. మగవాడి శీలం గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా? ఆ మాట చేయాల్సిన పని వచ్చి వ్యక్తిత్వం నెత్తిన పడిందని నా అనుమానం. మీ పెద్దమ్మ ఉలిక్కిపడింది అందుకే.

అయినా వ్యక్తిత్వాన్ని వదలొద్దంటాను. దాని లోపల ఏముందో ఒకసారి చూడండి. వి అనే ఉపసర్గ, అంజ్ అనే ధాతువు. అంజ్ అంటే పూయడం, రాయడం, తేటపరచడం. కంటికి పెట్టుకునే అంజనం అక్కడిదే. వ్యంజనం, వ్యక్తం, వ్యక్తి అన్నీ ఆ ఇంటివే. పోయిన సొమ్ము కోసం అంజనం వేసి చూస్తారని మన పల్లెల్లో అంటారు కదా. అంటే పూస్తే కనబడుతుంది. వ్యక్తి అంటే బయటికి కనబడినవాడు. లాటిన్‌లో పర్సోనా అంటే నాటకంలో వేసుకునే ముసుగు, పర్సనాలిటీ దాన్నుంచి వచ్చింది. రెండు భాషలూ మనిషిని పేరు పెట్టి పిలవడానికి బయటికి కనబడేదాన్నే పట్టుకున్నాయి.

తిరుపతిలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఏటా గంగమ్మ తల్లికి చేసే గంగజాతరలో, రోజుకొక వేషం కట్టి మనం చేసేదే ఇది. బైరాగి వేషానికి తెల్లగా పూసుకుంటాం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి మసి, దొర వేషానికి చందనం. మా మేనమామ రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అంగట్లో ఎవరైనా చిల్లర తక్కువిచ్చినా అడగడు. బండ వేషంలో తిట్టడం ఆనవాయితీ కదా, ఆ రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని తాతయ్యగుంట దారిలో ఎదురైన ప్రతి ఒక్కరినీ ఎత్తి తిట్టేవాడు. చిన్నప్పుడు ఆయన్ను చూసి నేను మా అమ్మ కొంగు వెనక దాక్కున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి బోరింగు దగ్గర కూర్చుని కడుక్కుంటే నీళ్లు ఎర్రగా కాలవలోకి పారేవి. తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కన పీట మీద కూర్చుని, మళ్లీ ఆ పాత గొంతుతోనే "తిన్నావా నాయనా" అన్నాడు. చెవి వెనక కుంకుమ ఇంకా ఉంది. ఇద్దరిలో మా మామ ఎవరని నేను చాలా ఏళ్లు ఆలోచించాను.

ఫ్రాయిడ్‌ను అడిగితే లోపల అణిచిపెట్టింది ఆ రోజు దారి చూసుకుని బయటపడిందంటాడు. ఇంకొక మనస్తత్వవేత్త యూంగ్ అయితే మామ రోజూ తిరిగే ఆ నెమ్మది రూపమే ముసుగు అనేవాడేమో. లోకం కోసం వేసుకునే రూపానికి ఆయన పెట్టిన పేరు పర్సోనానే మరి. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు. మనిషి గుణాన్ని కొలిచి, దాన్నిబట్టి ఒక సందర్భంలో ఎట్లా నడుచుకుంటాడో చెప్పబోతే లెక్క అంత బాగా కుదరడం లేదని 1968లో ఆయన రాశాడు. పెద్ద గొడవే అయింది. 1995లో యూయిచి షోడాతో కలిసి ఇంకొక మాట చెప్పాడు: సందర్భాన్నిబట్టి మనిషి మారడం నిజమే, కానీ ఆ మారే తీరుకు ఒక వరస ఉంటుంది. ఫలానా చోట ఇట్లా, ఫలానా వాళ్ల ముందర అట్లా. ఆ వరసే ఆ మనిషి గుర్తు. మా మామ ఏటా అదే రోజు, అదే దారిలో తిట్టేవాడు. పిల్లల్ని మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. ఎక్కడ ఏది వ్యక్తమవుతుందో, ఆ వరసకు వ్యక్తిత్వం కంటే మంచి పేరు నాకు దొరకలేదు.

చిత్తూరు మాస్టారు:

అంజ్ ధాతువు సంగతి చదివి సంతోషమేసింది నాయనా. శీలం గురించి మీరన్నదీ ఒప్పుకుంటున్నాను. ఇట్లాంటిదే ఇంకొకటి ఉంది: అహం. మనసులోని భాగాలకు ఫ్రాయిడ్ 1923లో రాసిన పేర్లు జర్మన్‌లో ఇంట్లో మాట్లాడే 'నేను', 'అది'. ఇంగ్లీషు అనువాదకులు వాటికి లాటిన్ మాటలు తగిలించి ఈగో, ఇడ్ చేశారు. మనం ఈగోను అహం అన్నాం. ఇప్పుడు పిల్లలు అహం అంటే పొగరు అనుకుని చదువుతున్నారు. నేరుగా 'నేను' అని పెట్టి ఉంటే ఎంత తేలికగా అర్థమయ్యేదో!

పలమనేరు నుంచి:

పాపా, పేరు సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు, లోపలి ప్రశ్నలు జాగ్రత్త. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ కలిసి ఇంగ్లీషు నిఘంటువులో మనిషి తీరును చెప్పే మాటలు 17,953 ఏరారు. తర్వాతివాళ్లు ఆ మాటల్ని కుదించి, గుంపులు కట్టి, చివరికి ఐదు పెద్ద గుణాల దాకా వచ్చారు. మొదలంతా జనం నోట్లో మాటే. మన నోట్లో ఏముందో చూడకుండా ఇంట్రావర్ట్‌ను అంతర్ముఖుడు అని రాస్తే, మా నాయన కళ్లు మూసుకుని ధ్యానం చేసేవాడనుకుంటాడు. మా పక్క అట్లాంటోడిని 'గమ్మునుండే మనిషి' అంటాం. అరవంలోనూ ఇదే మాట ఉంది. అందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు.

విద్యార్థిని:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారూ, స్వభావం అనే మాటను పుట్టుక గుణాల భాగానికి వాడుకుంటాను. వ్యక్తిత్వం అనే మాటను ప్రాజెక్టు లోపల ఉంచుతాను, వేర్ల గురించి ఒక పేజీ రాస్తాను. జనం చేతికిచ్చే కాగితం మీద మాత్రం పరీక్ష అనే మాట తీసేసి 'మీ తీరు మీ మాటల్లో' అని పెట్టాను. 'కొత్తవాళ్ల దగ్గర మౌనంగా ఉంటాను' అన్న ప్రశ్నను 'కొత్తోళ్ల ముందర గమ్మునుంటాను' అని మార్చి మళ్లీ పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయాను. చదివి, "ఎవురు కొత్తోళ్లు? బస్సులోనా, పెండ్లిలోనా?" అనింది. పెండ్లిలో అయితే గమ్మునుండదట. ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్నను రెండు చేయాలి.