ఖైనీ, గుట్కా, జర్దా, నశ్యం అలవాటుతో నోటికి వచ్చిన ఇబ్బందులు: మీ ఇంటి అనుభవాలు చెప్పండి

గోదావరి గట్టు:
మా నాన్నగారు లారీ డ్రైవరు. రాత్రి ప్రయాణాల్లో నిద్ర ఆపుకోవడానికి సిగరెట్లు కాల్చేవారు; ఆయాసం మొదలయ్యాక అవి మానేసి ఖైనీకి మారారు. పొగ లేదు కాబట్టి ప్రమాదమూ లేదని ఆయన గట్టి నమ్మకం. కొంతకాలంగా కింది పెదవి లోపల, ఖైనీ పెట్టుకునే చోటే, తెల్లటి మందపాటి పొర కట్టింది. నొప్పి లేదు కదా అని ఆసుపత్రికి రానంటున్నారు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలా జరిగితే ఏం చేశారో దయచేసి వివరంగా చెప్పండి.

ఓరుగల్లు దంతవైద్యురాలు:
నొప్పి లేదని ధీమాగా ఉండకండి. నోటి క్యాన్సర్ తొలిదశలో చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి తెలిసేనాటికి అది ఎముకలోకో మెడలోని గ్రంథుల్లోకో దిగి ఉండవచ్చు. మీరు చెప్పిన పొర ల్యూకోప్లేకియా, అంటే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్ల పొర, కావచ్చు. ప్రతి తెల్ల పొరా క్యాన్సర్‌గా మారదు, కానీ ఏది మారుతుందో కంటితో చూసి తేల్చలేం కనుక, అవసరమనిపిస్తే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. మన దేశంలో ఈ వ్యాధి బుగ్గకూ కింది చిగురుకూ మధ్య సందులో అంత ఎక్కువగా రావడానికి కారణం, ఖైనీ, గుట్కా, జర్దా గంటల తరబడి నానేది అక్కడే కావడం. అందుకే ఏ వైపు దవడలో పెట్టుకుంటారని అడిగి ముందు అటే చూస్తాం. అలవాటు పూర్తిగా మానేశాక ఇలాంటి పొరలు తగ్గిపోయినవాళ్ళనూ చూశాను కాబట్టే ఆలస్యం చేయవద్దని చెబుతున్నాను.

నల్గొండ యువకుడు:
నేను గుట్కా ముట్టను, పొగాకు లేని పాన్ మసాలా మాత్రమే వేసుకుంటాను. అయినా కారం తగిలితే నోరు మండిపోతోంది, మునుపటిలా పెద్దగా తెరుచుకోవడమూ లేదు. పొగాకే లేనప్పుడు ఇది దేనివల్ల?

ఓరుగల్లు దంతవైద్యురాలు:
పాన్ మసాలాలోని వక్క వల్ల. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో తేల్చింది. వక్కలోని అరెకోలిన్ బుగ్గల లోపలి పొర కింద పీచులాంటి కణజాలాన్ని పెంచుతుంది, దానితో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మూడు వేళ్ళను ఒకదానిపై ఒకటి చేర్చి, నిలువుగా ముందు పళ్ళ మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే ఈ వారమే చూపించుకోండి. మానేసినంత మాత్రాన బిగుసుకున్న నోరు పూర్వస్థితికి రాదు, మానకుండా చేయించుకునే వైద్యమూ నిలవదు.

ఒంగోలు మేష్టారు:
ఇది చదివాక మా బడిపిల్లల గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆహారపదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నిబంధనలు వచ్చాక, వాటి ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. అయితే కిళ్ళీ కొట్లలో పాన్ మసాలా ఒక పొట్లంగా, పొగాకు మరో పొట్లంగా పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండూ కొని కలుపుకుంటే అదే గుట్కా. విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతున్నా ఎనిమిదో తరగతి పిల్లల జేబుల్లో ఇవి దొరుకుతున్నాయి. మాది పొగాకు పండే జిల్లా. తడిసిన పచ్చాకు కోసిన కూలీలకు వాంతులు, తలతిరుగుడు రావడం ఇక్కడ అందరూ ఎరిగినదే. చర్మం గుండానే అంత నికోటిన్ ఎక్కించే ఆకును పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారంటే భయం వేస్తుంది.

తెనాలి ఫార్మసిస్టు:
మేష్టారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. ఖైనీలో సున్నం నలపడం రుచి కోసం మాత్రమే కాదు. సున్నపు క్షారం వల్ల నికోటిన్ నోటి పొర గుండా సులువుగా రక్తంలోకి చేరుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరిగేది అందువల్లే. క్యాన్సర్ నోటితోనే ఆగదు, అన్నవాహికకూ క్లోమానికీ కూడా ఈ పొగాకుతో ముప్పు ఉంది.

మెట్‌పల్లి కోడలు:
మా అత్తమ్మ నశ్యంతో చిగుళ్ళు రుద్దుకుంటుంది. పొగాకు కలిపిన పళ్ళపొడులను 1992లోనే నిషేధించారని తెలిసినా, విడిగా కొన్న నశ్యాన్ని ఎవరు ఆపుతారు? పంటినొప్పి తగ్గుతుందని ఇప్పుడు నిండు గర్భిణి అయిన మా ఆడబిడ్డకూ అలవాటు చేసింది. అత్తమ్మకు ఎదురు చెప్పలేక, ఆశా కార్యకర్తతో చెప్పించాను. పొగాకు వాడే తల్లులకు బిడ్డలు తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ముప్పు ఉందని ఆమె వివరించాక మా ఆడబిడ్డ మానేసింది. అత్తమ్మ మాత్రం ఇంకా మానలేదు.

కరీంనగర్ మెకానిక్:
నేను గుట్కా మానేసినవాణ్ణి కనుక గోదావరి గట్టు గారికి చెప్పదగినది ఒకటుంది. ఆయనను తిట్టి మాన్పించాలని చూడకండి. మొదటి వారం తలనొప్పి, చిరాకు, నిద్రలేమి నన్ను బాగా వేధించాయి, ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు గొడవపడి ఉంటే తప్పకుండా మళ్ళీ పొట్లం చింపేవాణ్ణి. టీ తాగగానే చెయ్యి జేబులోకి పోయేది, అందుకని కొన్నాళ్ళు టీ కొట్టుకే వెళ్ళలేదు. 1800-11-2356 ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే సలహాదారులు మాట్లాడతారు. ఆ పొట్లాల మీదే ఈ నంబరు అచ్చయి ఉంటుంది.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను, సోమవారం దంత వైద్యశాలకు రావడానికి ఒప్పుకున్నారు. బండి నడిపేటప్పుడు ఖైనీ బదులు నికోటిన్ గమ్ వాడవచ్చా?

తెనాలి ఫార్మసిస్టు:
వాడవచ్చు, కానీ 2 మిల్లీగ్రాములదా 4 మిల్లీగ్రాములదా అన్నది ఆయన రోజువారీ వాడకాన్ని, బీపీని చూసి వైద్యులే నిర్ణయించాలి. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు; చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఉంచాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ, కాఫీ తాగిన పదిహేను నిమిషాల లోపు వేసుకుంటే సరిగా పనిచేయదు. ఆయన టీ కోసం బండి ఆపే చోట్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఈ సంగతి ముందే చెప్పండి.